అమ్మీ హిసాబ్

బక్రీద్ మూడో రోజు. 2024 జూన్. ఖుర్బానీ గోష్త్ పంచడం అయిపోయింది. ఫ్రిజ్ నిండిపోయింది. ఇల్లంతా కలేజీ వేపుడు వాసన. రియాద్ నుంచి భాయ్ సెలవు మీద వచ్చి ఉన్నాడు. బెంగళూరు నుంచి చెల్లి పిల్లల్తో వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ముగ్గురం ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నాం.

తినడం అయ్యాక అమ్మీ వాకర్ పట్టుకుని మెల్లగా లోపలికి పోయి, చంకలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, దుపట్టా సర్దుకుని, ఇంకా పాన్ దొరికిందా అని అడిగినంత మామూలుగా అంది:

"నేను హాస్టల్‌లో చేరతా. చూసొచ్చా కూడా. నెలకి 26 వేలు. నా పైసల్తోనే కడతా."

హాస్టల్ అంటే ఏంటో మాకు రెండు నిమిషాలకు గానీ తలకెక్కలేదు. వృద్ధాశ్రమం. శంషాబాద్ దాటాక, కర్నూలు పోయే రోడ్డు మీద. చూపించడానికి తీసుకుపోయింది ఎవరో కాదు, మా ఆవిడే. స్కూలుకి సెలవు పెట్టి, క్యాబ్ మాట్లాడి. నాకు చెప్పలేదు. చెప్తే పోనిచ్చేవాణ్ని కాదని ఇద్దరికీ తెలుసు.

భాయ్ ముఖం ఎర్రబడింది. "ముగ్గురు బిడ్డలుండగా ఓల్డేజ్ హోమా? అబ్బా ఉంటే ఈ మాట అనేదానివా? లోగాఁ క్యా బోల్తే అమ్మీ?"

"లోగాఁ నన్ను రాత్రి బాత్రూంకి తీసుకుపోతారా బేటా?" అంది అమ్మీ.

*

కథ కొంచెం వెనక్కి తీసుకుపోవాలి. అబ్బా కర్నూల్లో గవర్నమెంట్ హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. 2016లో ఇంతెఖాల్ అయ్యారు. అప్పట్నుంచీ అమ్మీ ఆ ఇంట్లో కింద ఒక్కతే. పైన కిరాయిదారులు. 2024 ఫిబ్రవరిలో తహజ్జుద్‌కి లేచి వుజూ చేసుకుంటూ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్ తెచ్చి ఆపరేషన్ చేయించి, టోలిచౌకిలో మా రెండు గదుల కిరాయి ఇంట్లో పెట్టుకున్నాం.

ఆ నాలుగు నెలలు నేను అమ్మీకి ఖిద్మత్ చేశాననే అనుకున్నాను. దోస్తులు అడిగితే "అమ్మీ మా దగ్గరే ఉంది" అని గొప్పగా చెప్పేవాణ్ని. కానీ నిజం మీతో చెప్పుకోవాలి. పగలు ఆయా, నెలకి 14 వేలు. రాత్రి మా ఆవిడ. పొద్దున ఐదింటికి లేచి వంట, ఆరున్నరకి అమ్మీ స్నానం, ఏడున్నరకి తన స్కూలు. నేను పొద్దున మందులు ఇచ్చేవాణ్ని, సాయంత్రం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాణ్ని. మన ఇళ్లల్లో మగవాడు 'ఖిద్మత్' అన్నప్పుడు, ఆ ఖిద్మత్ చేసే చేతులు ఎప్పుడూ ఆడవాళ్లవే.

అందుకే భాయ్ గట్టిగా మాట్లాడుతుంటే నేనూ కోపం తెచ్చుకున్నాను గానీ, లోపలెక్కడో 'అమ్మయ్య' అనిపించింది. ఆ 'అమ్మయ్య' చూసుకుని నాకే సిగ్గేసింది. ఈ వ్యాసం ఏడాది పాటు రాయలేకపోవడానికి కారణం కూడా ఆ సిగ్గే.

అమ్మీ మాత్రం నిదానంగా చెప్పింది. "సూరా బనీ ఇస్రాయీల్లో మా ముందు ఉఫ్ అనొద్దని అల్లా హుకుం చేసింది మీకు. నా బహూకి కాదు. షరియత్‌లో బహూ మీద సాస్‌కి ఖిద్మత్ హక్కు లేదు. తను చేసిందంతా ఎహసాన్. నాలుగు నెలలు తీసుకున్నా. ఇంక నక్కో."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

*

భాయ్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నాలుగు నెలలు ఒకరి దగ్గర, నాలుగు నెలలు ఇంకొకరి దగ్గర. రియాద్‌కి విజిట్ వీసా తీస్తా. ఖర్చంతా నేనే పంపుతా. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. "కర్నూలు ఇల్లు మా ముగ్గురి పేర హిబా చేసెయ్ అమ్మీ. నీకు ఆ టెన్షన్ ఎందుకు? రిపేర్లు, టాక్సులు, అన్నీ మేం చూసుకుంటాం. నిన్నూ మేమే చూసుకుంటాం."

భాయ్ నియ్యత్‌లో ఖోట్ లేదు. ఇది నేను ఖసమ్ చేసి చెప్పగలను. కానీ మన సమాజంలో ఎందరో తల్లులు మంచి నియ్యత్ చూసే హిబా చేశారు. మనకి హిబా చాలా తేలిక. ఇస్తున్నానని నోటితో చెప్పాలి, తీసుకునేవాళ్లు ఒప్పుకోవాలి, కబ్జా అప్పజెప్పాలి. ఈ మూడూ ఉంటే రిజిస్ట్రేషన్ లేకపోయినా చెల్లుతుంది. కాగితం మీద రాసుకున్నా దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవ్వడం ఎంత సుళువో, తిరిగి రావడం అంత కష్టం.

వృద్ధ తల్లిదండ్రుల కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర కేసు నడుస్తుంది. మంచి చట్టమే. కానీ షరతు ఉందని చూపించాలి కదా. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని నోటితో చేసిన హిబాలో షరతు ఎక్కడుందని చూపిస్తుంది ముసలి తల్లి? ఏ తల్లి కొడుకు మీద అర్జీ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతుంది?

అమ్మీ వాదించలేదు. నోట్‌బుక్ తెరిచి నా చేతికిచ్చింది. "చదువు. నువ్వు అకౌంట్సు చేసేవాడివి కదా."

*

ఎడమవైపు 'జమా'. కుడివైపు 'ఖర్చ్'. ఉర్దూలోనే, చక్కటి నస్తాలీఖ్ రాత. అబ్బా నేర్పించిన రాత.

ఖర్చ్ సుళువుగానే అర్థమైంది. హాస్టల్ 26,000. ఇద్దరుండే గది, మూడుపూటల తిండి, స్నానం చేయించే ఆయా అందులోనే. మందులు, పరీక్షలు 4,000. చేతి ఖర్చు 1,000. మొత్తం 31,000.

జమాలో మొదటి వరుస: అబ్బా ఫ్యామిలీ పెన్షన్ 23,000. రెండో వరుస: ఇంటి కిరాయి 2,000.

నేను నవ్వాను. "అమ్మీ, పైన ఏడు వేలు వస్తోంది. నువ్వు ఖాళీ చేస్తే కింద తొమ్మిది వేలు వస్తుంది. మొత్తం 16 వేలు. రెండు వేలేంటి?"

"ఇల్లు నాదా?"

"నీది కాకపోతే ఎవరిది?"

"మీ అబ్బాది. ఆయన పోయిన నిమిషం నుంచి మనందరిది. బిడ్డలున్న బేవాకి ఎనిమిదో హిస్సా. మిగిలింది మీది, కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇంటిని 40 ముక్కలు చేస్తే నావి ఐదు, మీ ఇద్దరివీ పధ్నాలుగేసి, ఛోటీది ఏడు. పదహారు వేలల్లో నాది రెండు వేలు."

మేం ముగ్గురం చదువుకున్నవాళ్లం. ఫరాయిజ్ గురించి జుమా ఖుత్బాలో వందసార్లు విన్నాం. ఎనిమిదేళ్లుగా 'అమ్మీ ఇల్లు' అంటూనే ఉన్నాం. ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. వేయకపోవడాన్ని మా దరియాదిలీ అనుకున్నాం. 'అమ్మీ ఉండగా విరాసత్ మాట ఏంటి' అని. కానీ ఆ మాట అనకపోవడం వల్ల, తనది ఎంతో తెలియని ఇంట్లో అమ్మీ ఎనిమిదేళ్లు ఉంది.

"మేమేమైనా హిస్సా అడిగామా? అంతా నీదే" అన్నాడు భాయ్.

"నువ్వు అంటావు. అల్లా నీకు లంబీ ఉమర్ ఇవ్వాలి. రేపు నీ హిస్సా నీ బీవీ బిడ్డలది అవుతుంది. వాళ్లు అన్నారా? నా బిడ్డల పైసలు నేను దాతల్లే తినను, తెలియకుండా అసలే తినను. అందుకే ముందు మాఫీ అడుగుతున్నా. ఎనిమిదేళ్లు పై కిరాయి అంతా నేనే తిన్నా. అందులో మీ హిస్సాలు ఉన్నాయి. మాఫ్ చేయండి."

చెల్లి ఏడ్చేసింది. "ఏం మాటలు అమ్మీ ఇవి?"

"మాఫ్ చేశామని నోటితో చెప్పండి. దిల్ సే చెప్పండి. దిల్‌లో లేకపోతే వద్దు, నెలనెలా తీర్చుకుంటా."

ముగ్గురం చెప్పాం. అప్పుడు అమ్మీ జమా కాలమ్‌లో మూడో వరుస మీద వేలు పెట్టింది. అక్కడ అంకె లేదు. ఒకే మాట ఉంది.

మెహర్. పక్కన: 'రావాల్సింది'.

*

నాకు 2016 ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. జనాజా వరండాలో ఉంది. గుస్ల్ అయిపోయింది. కఫన్ ముఖం దగ్గర తెరిచి ఉంది. అమ్మీని ఇద్దరు ఆడవాళ్లు భుజాలు పట్టుకుని తీసుకొచ్చారు. ఎవరో పెద్దావిడ గట్టిగా అంది, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా. మయ్యిత్ భారం దిగిపోతుంది." ఇంకొకావిడ అందుకుంది. నలుగురూ అన్నారు. మేం ఇద్దరు కొడుకులం తలుపు దగ్గరే నిలబడి ఉన్నాం. అమ్మీ తల కదిలింది. 'మాఫ్ కర్దియే' అని వాళ్లే ప్రకటించారు. మేం జనాజా ఎత్తాం.

మన ఊళ్లల్లో ఈ రివాజ్ చూడనివాళ్లు తక్కువ. నలభై ఏళ్లు కాపురంలో ఇవ్వనిది, భర్త శవం ముందు ఆమెతోనే వదిలించే రివాజ్.

"ఆరోజు నేను ఏం చెప్పలేదు బేటా" అంది అమ్మీ. "తల వణికింది. వాళ్లు దాన్ని ఒప్పుకోవడం అనుకున్నారు. మీ అబ్బా మంచి ఆద్మీ. ఇద్దామనే అనుకున్నారు. ఛోటీ షాదీ అయ్యాక ఇస్తా అన్నారు, రిటైరయ్యాక ఇస్తా అన్నారు. మౌత్ ముందొచ్చింది. ఆయన మీద నాకు గుస్సా లేదు. కానీ అది నా హక్కు. ఈ వయసులో నా చేతిలో అదొక్కటే పూర్తిగా నాది."

1974 నికాహ్‌నామా నోట్‌బుక్ అట్టలోనే దాచి ఉంది. పదకొండు వందల రూపాయలు సిక్కా-ఎ-రాయిజుల్‌వఖ్త్, ఐదు దీనార్-ఎ-సుర్ఖ్. పదకొండు వందలు ఇప్పుడు ఒక నెల మందులు, పరీక్షలకు కూడా రావు. కానీ దీనార్ అంటే బంగారం. మౌల్వీ సాబ్ లెక్కలో ఒక దీనార్ నాలుగు గ్రాముల మూడొందల డెబ్భై మిల్లీగ్రాముల చిల్లర. ఐదు కలిపితే ఇరవై ఒక్క గ్రాముల పైన. ఆనాటి ధరకి లక్షా యాభై వేల చిల్లర. యాభై ఏళ్ల కిందట అమ్మీ వాళ్ల అబ్బా, మా నానా, రూపాయల్తో పాటు దీనార్లు కూడా రాయించాడు. ఆయన చదువుకోలేదు. కానీ రూపాయి సంగతి ఆయనకి తెలిసినట్టుంది.

మర్నాడు ఫజర్ తర్వాత ముగ్గురం ఒక ఆలిం సాబ్ దగ్గరికి పోయాం. ఆయన వరుస చెప్పారు. మయ్యిత్ ఆస్తిలోంచి ముందు కఫన్ దఫన్ ఖర్చు. తర్వాత కర్జులు. తర్వాత వసియ్యత్, అది కూడా మూడో వంతు దాటకుండా. ఇవన్నీ తీరాకే విరాసత్. మెహర్ కర్జ్‌లోకి వస్తుంది. దిల్ సే చేయని మాఫీ మాఫీ కాదు. కోర్టుకి పోవాలంటే మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది, అల్లా దగ్గర మాత్రం గడువు లేదు.

భాయ్ ఒక్క ప్రశ్న అడిగాడు. "అంటే ఎనిమిదేళ్లుగా మా అబ్బా కర్జ్‌దారుగానే ఉన్నారా?"

ఆలిం సాబ్ జవాబు చెప్పలేదు. టీ కప్పు మా వైపు జరిపారు.

బయటికొచ్చి మసీదు మెట్ల మీద కూర్చుని భాయ్ ఏడ్చాడు. ఏటా బర్సీకి వంద మందికి బిర్యానీ పెట్టించేవాడు. ఫాతిహా తప్పేది కాదు. అబ్బా పేర బోరు వేయించాడు. అవన్నీ చేశాం. ఆయన అప్పు మాత్రం తీర్చలేదు. అడగలేదు కూడా. అప్పులవాడు మా ఇంట్లోనే, మా కళ్ల ముందే, వాకర్ పట్టుకుని నడుస్తోంది.

*

అబ్బా పోస్టాఫీసులో వేసిన నాలుగు లక్షలు ఉన్నాయి. భాయ్ నామినీ. 2016లోనే తీసి తన అకౌంట్లో వేసుకున్నాడు. 'అమ్మీ కోసమే దాచా' అనేవాడు. నామినీ అంటే మాలిక్ కాదు, వారసుల తరఫున పట్టుకుని ఉండేవాడు మాత్రమే. అది కూడా మాకు అప్పుడే తెలిసింది. ఆ వారంలోనే లెక్క తేల్చాం. మెహర్ కింద లక్షా యాభై ఐదు వేలు పక్కన పెట్టాం. మిగిలిన రెండు లక్షల నలభై ఐదు వేలల్లో ఎనిమిదో వంతు 30,625. మొత్తం అమ్మీ చేతికి 1,85,625 వచ్చింది. హాస్టల్ అడ్వాన్సు లక్ష. మిగిలింది తన దగ్గర.

ఇంక నెలనెలా లోటు. జమా 25,000, ఖర్చ్ 31,000. ఆరు వేలు తక్కువ.

ఇక్కడ చాలామంది చాలా సలహాలు ఇచ్చారు. అరవై దాటినవాళ్లకి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 8.2 శాతం అన్నారు. ఆ నాలుగు లక్షలు అమ్మీ పేర అందులో వేస్తే మూడు నెలలకి 8,200 చేతికొస్తుంది. లోటు దాదాపు సగం తీరిపోయేది. అమ్మీ సూద్ నక్కో అంది. వేసుకున్నవాళ్లని నేనేం అనను, ఎవరి మజ్బూరీ వాళ్లది. సొంత ఇల్లు తాకట్టు పెట్టుకుని బ్యాంకు నెలనెలా డబ్బిచ్చే రివర్స్ మార్ట్‌గేజ్ కూడా 2007 నుంచీ ఉంది. దానికి ఇల్లు తన పేర ఉండాలి, అందులోనూ వడ్డీ ఉంది. రెండూ కుదరలేదు. డెబ్భై దాటినవాళ్లకి ఐదు లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు ఆ ఏడు అక్టోబర్‌లో మొదలైంది. అమ్మీకి తీయించాం. కానీ అది ఆస్పత్రిలో పడుకుంటేనే. హాస్టల్ ఫీజుకి పనికిరాదు. ఇంక జకాత్ మాట ఎత్తే పనే లేదు, కన్నతల్లికి జకాత్ ఇవ్వడం జాయిజ్ కాదు.

ఆలిం సాబ్ చెప్పిన మసలా మాకు దారి చూపించింది. సొంత మాల్ ఉన్న మనిషి ఖర్చు ముందు ఆ మాల్ లోంచే పోవాలి. అది చాలకపోతే, స్తోమత ఉన్న బిడ్డల మీద తల్లిదండ్రుల నఫఖా వాజిబ్. అది ఖైరాత్ కాదు, ఎహసాన్ కాదు. హనఫీ మస్లక్‌లో దీనికి కొడుకూ కూతురూ సమానం.

"విరాసత్‌లో సగం, ఖర్చులో సమానమా?" అంది చెల్లి. అందరం నవ్వాం. కానీ మొదటి నెల రెండు వేలు అందరికంటే ముందు పంపింది తనే. ఆమె మాట నాకు తర్వాత అర్థమైంది. "కూతుర్ని కాబట్టి అమ్మీకి పైసలిస్తే మా ఆయన ఇంట్లో సాటుగా ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు వాజిబ్ అని చెప్పి ఇస్తున్నా. తల ఎత్తుకుని ఇస్తున్నా."

అలా తేల్చుకున్నాం. తలా రెండు వేలు, ఆరు వేలు. ఇంటి కిరాయిలో మా హిస్సా నెలకి 14 వేలు వస్తుంది కదా, అందులోంచే. మిగిలిన ఎనిమిది వేలు ఎవరం తీయకుండా ఒక వేరే అకౌంట్లో వేస్తున్నాం. ఏడాదికి 96 వేలు. ఎందుకంటే హాస్టల్ కాగితంలో ఒక వరుస ఉంది: మంచాన పడితే నెలకి 38,000.

*

ఆ కాగితం చదివించింది కూడా అమ్మీనే. సంతకం పెట్టే ముందు మేనేజర్‌ని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. మీకెవరికైనా పనికొస్తాయి.

అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుంది, ఎన్ని రోజుల్లో? నెల మధ్యలో పోతే మిగిలిన రోజుల పైసలు ఎవరివి? పోవడం అంటే బయటికి పోవడమూ, పైకి పోవడమూ రెండూ చెప్పండి. ఫీజు ఏడాదికి ఎంత పెంచుతారు? ఆస్పత్రిలో ఉన్న రోజులకి కూడా గది కిరాయి కట్టాలా? డయాపర్లు, ఫిజియోథెరపీ ఫీజులో ఉన్నాయా, వేరేనా? రాత్రి ఆయా ఎంతమందికి ఒకరు? రసీదు ఎవరి పేర ఇస్తారు?

ఆ తర్వాత తన ప్రశ్నలు. ఖిబ్లా ఎటు? వుజూకి కుర్చీ ముందు నల్లా ఉంటుందా? కోడి ఏ దుకాణం నుంచి? రంజాన్‌లో సహరీ ఎలా?

మేనేజర్ అన్నీ ఓపిగ్గా చెప్పి, "అమ్మా, రసీదు మీ అబ్బాయి పేర ఇవ్వమంటారా?" అన్నాడు.

"కట్టేది ఎవరు?"

"మీరే."

"మరి నా పేరే రాయండి."

చేరిన రోజు భాయ్ రియాద్ నుంచి వీడియో కాల్‌లో చూశాడు. ఎక్కువ మాట్లాడలేదు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా అడిగితే 'అమ్మీ తమ్ముడి దగ్గర ఉంది' అనే చెప్తాడట. నేనేం అనను. బద్నామీ భయం అంత తొందరగా పోదు. నాకే పోలేదు. మొదటి రెండు నెలలు మా గల్లీలో ఎవరైనా 'అమ్మీ ఎలా ఉంది' అంటే, 'కర్నూలు వైపు ఉంది' అనేవాణ్ని. అబద్ధం కాదు, శంషాబాద్ కర్నూలు వైపే.

పక్క మంచం పెద్దమ్మ రిటైరైన నర్సు. పిల్లలు అమెరికాలో. గోష్త్ తినదు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు. 2025 రంజాన్‌లో అమ్మీకి సహరీ అలారం పెట్టేది ఆవిడే. వంటమనిషి రాత్రే ఫ్లాస్కులో చాయ్, డబ్బాలో రొట్టెలు పెట్టి పోతే, పెద్దమ్మ లేచి దీపం వేసి, అమ్మీ తినేదాకా కూర్చునేదట. ఈద్ రోజు మేం షీర్ ఖుర్మా తీసుకుపోతే, అమ్మీ ముందు గ్లాసు ఆవిడకే ఇప్పించింది.

అంతా బాగుందని రాసి ముగించను. అక్కడ ఒక్కోరోజు అమ్మీ గొంతు ఫోన్‌లో మందంగా ఉంటుంది. చప్పిడి తిండి. అజాన్ దూరంగా, గాలి వాటంగా వస్తేనే వినిపిస్తుంది. రెండు వారాలకోసారి మా ఇంటికి తీసుకొస్తే, తిరిగి పోయే సాయంత్రం సంచి సర్దుకోవడానికి చాలా సేపు తీసుకుంటుంది. నేను చూడనట్టు ఉంటా. పైసల హిసాబ్ తేలింది గానీ, ఆ సాయంత్రాల హిసాబ్ తేలదు. ఫీజు తను కడుతోంది కాబట్టి నా జిమ్మేదారి తీరిపోయిందని ఒక్క నిమిషం కూడా అనుకోలేను. ఇప్పుడు నా వంతు ఖిద్మత్ నా చేతుల్తోనే చేయాలి. ఆదివారం పోతా. గోళ్లు కత్తిరిస్తా, కాళ్లకి నూనె రాస్తా. నలభై ఆరేళ్లకి మొదటిసారి నేర్చుకున్నా.

ఈ జూలై నుంచి ఫీజు 28,000 చేశారు. అమ్మీ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసింది. కింద ఒక వరుస కొత్తగా ఉంది: 'కఫన్ దఫన్ - 25,000, విడిగా పెట్టాను. ఎక్కడ మౌత్ వస్తే అక్కడే మిట్టి. కర్నూలుకి మోసుకుపోవద్దు.'

*

ఆ రోజు ఇంటికొచ్చి మా నికాహ్‌నామా వెతికాను. బీరువాలో చీరల కింద ఉంది. పంతొమ్మిదేళ్లయింది. మెహర్ గడిలో 'ముఅజ్జల్' అని రాసి ఉంది. అంటే తర్వాత ఇస్తానని. నేనూ మా అబ్బా లాగే 'తర్వాత' అనుకుంటూ వచ్చాను.

మూడు నెలల జీతంలోంచి కొంచెం కొంచెం పక్కన పెట్టి, మా ఆవిడ అకౌంట్లో వేశాను. ఎందుకని అడిగింది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నాకూ ఒక నోట్‌బుక్ కొనుక్కురా."

చదువుతున్న భాయీలకి, ఆపాలకి ఒకటే విన్నపం. అమ్మీ అబ్బా బతికుండగానే, దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని, ఏది ఎవరిదో లెక్క తేల్చుకోండి. బేవా తల్లి ఉంటే, ఆమె మెహర్ ముట్టిందా లేదా అడగండి. జనాజా ముందు మాఫ్ చేయించకండి. ముసలితనంలో ఆమె ఎక్కడుండాలో ఆమె ఇష్టం. మీ దగ్గరుంటే అల్హమ్‌దులిల్లాహ్. వేరే ఉంటానంటే, ఆ కిరాయి తన చేత్తో తను కట్టుకునేంత హక్కు ఆమె చేతిలో ఉండనివ్వండి.

మా అబ్బా మగ్ఫిరత్ కోసం, మా అమ్మీ సెహత్ కోసం దువా చేయండి.